ఇరవై రెండు అంగుళాలు

కుట్టు గది నుంచి
ఫిబ్రవరి 3

అన్నయ్యా,

పోయిన నెల నువ్వు అద్దెకి పంపిన హాఫ్ సైజు వయొలిన్ గువ్వ చేతిలో చక్కగా ఇమిడింది. పాత క్వార్టర్ సైజుది బస్సు పార్శిల్లో వేశాను. అందిందని మీ ఓనరుగారి చేత అద్దె కార్డు మీద సంతకం పెట్టించు. లేకపోతే రెండూ మా దగ్గరే ఉన్నాయంటాడు ఆ మహానుభావుడు.

అసలు సంగతికొస్తాను. మొన్న ఆదివారం మాస్టారు తన దగ్గర నేర్చుకునే పిల్లలందరి చేతా పెద్ద హాల్లో వాయింపించారు. గువ్వ అంత శుద్ధంగా ఎవరూ వాయించలేదు. కన్నతల్లిని కాబట్టి అంటున్నాననుకోకు, మాస్టారే అన్నారు. కానీ నేను మూడో వరసలోంచి లేచి వెనక గోడ దాకా నడిచి విన్నాను. అక్కడికి వచ్చేసరికి అది వయొలిన్ కాదు, దోమ. దాని తర్వాత ఇంకో పిల్ల హాఫ్ కన్నా ఒక సైజు పెద్దది, త్రీక్వార్టర్, పట్టుకుని వచ్చింది. సగం స్వరాలు పక్కదారి పట్టాయి, అయినా గోడలు మోగాయి. చప్పట్లు ఎవరికి పడ్డాయో వేరే చెప్పాలా?

సంగీత పాఠశాల ఎంపిక ఆగస్టులో ఒక విడత, సెప్టెంబర్లో ఒక విడత. పదేళ్ళు నిండని పిల్లల్నే తీసుకుంటారు. గువ్వకి అక్టోబర్లో నిండుతాయి కాబట్టి దానికి ఉన్నది ఈ ఒక్క ఏడాదే. ఎంపికైతే ఎనిమిదేళ్ళ చదువు, హాస్టలు, వయొలిన్ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే ఇదిగో, నా పక్కన ఖాళీగా ఉన్న రెండో కుట్టుమిషన్. మొన్న గువ్వ సరదాకి దాని ముందు కూర్చుని పెడల్ తొక్కుతుంటే వీపు మీద ఒక్కటిచ్చాను. ఎందుకు కొట్టానో దానికి తెలియదు. నీకు తెలుసు.

త్రీక్వార్టర్ పంపు.

నీ చెల్లి


వయొలిన్ వర్క్‌షాపు, పై గది
ఫిబ్రవరి 14

చెల్లాయ్,

పంపను. నువ్వు అడిగిన వెంటనే చింపి ఇవ్వడానికి ఇదేమీ చొక్కా గుడ్డ కాదు.

ఇక్కడ అద్దెకివ్వడానికి ఒకటే లెక్క. పిల్ల చేయి చాచి నిలబడాలి. మెడ పక్క నుంచి అరచేతి మధ్య దాకా టేపు పట్టాలి. ఇరవై అంగుళాలుంటే హాఫ్, ఇరవై రెండుంటే త్రీక్వార్టర్. జనవరిలో నువ్వు పంపిన కార్డు నా ముందే ఉంది. ఇరవై అని రాసి ఉంది, నీ చేతిరాతే. నెల తిరిగేసరికి రెండంగుళాలు సాగడానికి అదేమన్నా గుమ్మడి తీగా?

నీ సంగతి నాకు తెలియనిదా? స్కూలు గౌను కుట్టమని ఎవరు తెచ్చిచ్చినా రెండంగుళాలు ఎక్కువ కత్తిరించి, లోపలికి మడిచి కుడతావు. ‘పెరిగే పిల్ల కదండీ’ అంటావు. ఏడాది పోయాక మడత విప్పుకుంటారు, నిన్ను మెచ్చుకుంటారు. వయొలిన్ మెడలో మడత పెట్టడం మాకు చేతకాదమ్మా. పెద్దదిస్తే చేయి సాగదీయాలి, మోచేయి లోపలికి మెలితిప్పాలి, చిటికెన వేలు అందదు. బలవంతంగా అందిస్తే నరం మీద పడుతుంది. అలా వచ్చిన పిల్లల్ని ఇక్కడ ఇద్దరు ముగ్గుర్ని చూశాను.

నీకు ఆశ పెట్టడానికి కాదు గానీ ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నేను రెండేళ్ళుగా బాగుచేస్తున్న త్రీక్వార్టర్ పోయిన వారం పూర్తయింది. వీపు నిలువునా పగిలి వచ్చింది అది. పొయ్యిలో పెట్టెయ్యమన్నారు ఓనరుగారు. ముక్కా ముక్కా అతికించాను. తీగలు కట్టి ఒక్కసారి కమాను లాగితే కింద కౌంటరు దగ్గరున్న వాళ్ళు పైకి చూశారట. ఇంతవరకూ దాన్ని ఎవరికీ అద్దెకివ్వలేదు. ఓనరుగారు అడిగినప్పుడల్లా జిగురు ఇంకా ఆరలేదంటున్నాను. గువ్వ ఎదిగే దాకా ఆరదులే.

అన్నయ్య


కుట్టు గది నుంచి
ఏప్రిల్ 20

అన్నయ్యా,

కొలిచాను. ఇరవై రెండు.

నువ్వు నమ్మవని రెండుసార్లు కొలిచాను. ఈ మధ్య పిల్ల ఉన్నట్టుండి సాగింది. పాత గౌన్లన్నీ మోకాళ్ళ పైకి పోయాయి. ఆకలి కూడా అలాగే ఉంది, గిన్నె ఊడ్చేస్తోంది. ఇరవై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకుని తిరుగుతున్నదాన్ని, ఒక పిల్ల చేయి కొలవడం నాకు రాదా?

ఇక్కడ వీధి చివర లాడ్జీ వాళ్ళు నలభై తెరలు కుట్టమన్నారు. మందపాటి గుడ్డ, సూదులు విరిగిపోతున్నాయి. ఒకటి బొటనవేలిలో దిగింది. మెట్ల మీద బల్బు పోయి పది రోజులైంది, ఇంటివాళ్ళకి ఉలుకూ పలుకూ లేదు. మాస్టారికి జలుబు. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు.

కార్డు నింపి దీంతో జతచేశాను. మీ ఓనరుగారి ముద్ర వేయించి పంపు.

నీ చెల్లి


వయొలిన్ వర్క్‌షాపు, పై గది
ఏప్రిల్ 29

చెల్లాయ్,

చాలా సంతోషం. పిల్లలు ఒక్కోసారి అలాగే ఒక్క ఊపున ఎదుగుతారు. నీ టేపు మీద నాకు అనుమానం ఎందుకుంటుంది?

నేను చెప్పిన త్రీక్వార్టరే పంపుతున్నాను. కార్డు మీద ముద్ర పడింది. పెట్టెకి లోపల కొత్త వెల్వెట్ వేశాను. ఎండ తగలనివ్వకు. తీగలు బిగించే బిరడాలు తిప్పేటప్పుడు లోపలికి కొద్దిగా నొక్కి తిప్పమను. హాఫ్ సైజుది తీరిక చూసుకుని వెనక్కి పంపు.

దాని గొంతు ఎలా ఉందో రాయి. అన్నిటికన్నా లావు తీగ మీద నిదానంగా ఒక స్వరం పట్టించు, నువ్వు పక్క గదిలో కూర్చుని విను. వీలైతే ఆ పెద్ద హాల్లోనే ఒకసారి వాయింపించమని మాస్టారిని అడుగు. వెనక గోడ దాకా నడిచి ఎంత వినిపిస్తోందో నాకు వివరంగా రాయి.

నొప్పి అంటే మాత్రం ఆపేయమను.

అన్నయ్య


కుట్టు గది నుంచి
జూన్ 2

అన్నయ్యా,

నువ్వు అడిగినట్టే వెనక గోడకి ఆనుకుని విన్నాను. నా వీపుకి గోడ అదిరింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. వాయించడం అయ్యాక కూడా కాసేపు తెరవలేదు. అన్నయ్యా, నీ చేతులకి దండం పెట్టాలి. పగిలిపోయిన చెక్కని అలా పలికించిన వాడివి, ఆ పై గదిలో పడి ఉన్నావు.

గువ్వ మొదట్లో ‘బరువుగా ఉందమ్మా’ అంది. ‘మామయ్య రెండేళ్ళు చేసింది మరి, బరువుండదా?’ అన్నాను. ఇప్పుడు ఏమీ అనడంలేదు. వాయించడం ఆపగానే ఎడమచేయి విదిలిస్తుంటుంది, అదొక అలవాటైపోయింది దానికి.

చిటికెన వేలు ఇంకా సరిగ్గా అందడంలేదు. మాస్టారు ఒకరోజు ‘సైజు కొంచెం పెద్దదేమోనమ్మా’ అని నసిగారు. కార్డు చూపించాను. కొలత, తేదీ, మీ ఓనరుగారి ముద్ర అన్నీ చూసి కార్డు నా చేతికిచ్చి పాఠం మొదలుపెట్టారు. వేలు సంగతి నేను చూసుకుంటాను. గుడ్డనైనా తడిపి లాగితే కొంచెం సాగుతుంది కదా.

రోజుకి నాలుగు గంటలు సాధన చేయిస్తున్నాను. ఆగస్టు ఎంతో దూరంలో లేదు.

నీ చెల్లి


వయొలిన్ వర్క్‌షాపు, పై గది
జులై 8

చెల్లాయ్,

తీగల్ని మోసే బ్రిడ్జి పడిపోయిందని నువ్వు పంపిన వయొలిన్ అందింది. ఇది పెద్ద పనేమీ కాదు, కాళ్ళు కొంచెం అరగదీసి నిలబెట్టాను. ఈ ఉత్తరంతో పాటే తిరిగి పంపుతున్నాను, సాధన ఆగకూడదు కదా.

తీగల కింద వేళ్ళు పడే పలక మీద మూడు వేళ్ళ అరుగుదల ఉంది. నాలుగో వేలు పడాల్సిన చోట నలుపు అలాగే మెరుస్తోంది. ఆ వేలు కూడా వాడమని గువ్వకి చెప్పు.

పెట్టెలో కమానుకి రుద్దే రోజిన్ బిళ్ళ ఉండే అరలో ఒక పట్టీ దొరికింది. మణికట్టు చుట్టూ బిగించడానికి బకిల్, వేళ్ళు దూర్చడానికి నాలుగు తొడుగులు, ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య దూది కూరిన గట్టి ముద్ద. కుట్టు చూస్తేనే తెలిసింది ఎవరిదో. ఇంత సన్నగా, ఇంత వరసగా కుట్టే చేయి నాకు తెలిసి ఒక్కటే ఉంది. పొరపాటున పెట్టెలో ఉండిపోయినట్టుంది. మళ్ళీ అదే అరలో పెట్టాను.

ఇక్కడ వానలు. చెక్క ఉబ్బి డ్రాయరు రావడంలేదు. ఓనరుగారి మోకాలు కూడా రావడంలేదు, ఆయన్ని ఇద్దరం పట్టి మెట్లెక్కిస్తున్నాం.

అన్నయ్య


కుట్టు గది నుంచి
ఆగస్టు 17

అన్నయ్యా,

నూట నలభై మందిలో పన్నెండు మంది! పన్నెండులో మన గువ్వ!

జాబితా గోడకి అంటించారు. జనం తోసుకుంటుంటే నేను వేలు పెట్టి పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాను. పదో పేరు. మళ్ళీ మొదటి నుంచి చదివాను. అందరి ముందూ ఏడ్చేశాను, సిగ్గు కూడా అనిపించలేదు. పరీక్ష చేసినవాళ్ళలో ఒకాయన ‘ఇంత చిన్న పిల్లకి ఇంత పెద్ద నాదమా’ అన్నాడని మాస్టారు చెప్పారు. ఆ మాట నీకోసం రాస్తున్నాను, దాచుకో.

బస్సులో వస్తుంటే గువ్వ ‘ఇంక చాలామ్మా?’ అంది. ‘ఇంకొక్కటే తల్లీ, సెప్టెంబర్ది’ అన్నాను. కిటికీ వైపు తిరిగి పడుకుంది. అలిసిపోయింది పాపం.

ఇంటికొచ్చాక ఎడమచేత్తో గ్లాసు పట్టుకుంటే జారి పగిలింది. వారంలో ఇది రెండోది. పరధ్యానం ఎక్కువైంది. కాస్త కోప్పడ్డాను.

సెప్టెంబర్ ఇరవైన రెండో విడత. నువ్వు రావాలి. నాలుగు గంటల బస్సు ప్రయాణానికి ఏడాదిగా సాకులు చెబుతున్నావు. నువ్వు చేసిన దాన్ని నువ్వే ఒకసారి విను.

నీ చెల్లి


కుట్టు గది నుంచి
సెప్టెంబర్ 24

అన్నయ్యా,

నువ్వు రాలేదు. మంచిదైంది.

గువ్వ మొదటి పాట సగం దాకా వాయించింది. తర్వాత చిటికెన వేలు పడాల్సిన చోట పడలేదు. మళ్ళీ మొదలుపెట్టమన్నారు. ఈసారి ఉంగరం వేలు కూడా పడలేదు. అది వాయించడం ఆపి తన చేతి వంక చూసుకుంటూ నిలబడిపోయింది. నేను రెండో వరసలో కూర్చుని ‘వాయించు, వాయించు’ అంటున్నాను. పక్కనున్నావిడ నా భుజం మీద చేయి వేసేదాకా పైకి అంటున్నానని నాకే తెలియదు.

పరీక్షకుల్లో ఒక పెద్దావిడ లేచి వచ్చి దాని భుజం మీంచి వయొలిన్ తీసి బల్ల మీద పెట్టింది. ‘ఈ పిల్లకి ఈ సైజు ఎవరిచ్చారు?’ అంది. నేను పరిగెత్తి కార్డు ఇచ్చాను. ఆవిడ కార్డు చూడనే లేదు. నా మెడలో టేపు ఉంది, అలవాటు కొద్దీ వేసుకుని వచ్చేశాను. అది అడిగి తీసుకుంది. గువ్వని చేయి చాచమంది. అందరి ముందూ కొలిచింది. ఇరవై అంగుళాల ముప్పావు. పైకి చదివింది. ఎంత మెల్లగా చదివినా ఆ హాల్లో అందరికీ వినిపించింది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ రెండు వేళ్ళకి వెళ్ళే నరం నలిగిపోయిందట. ఆరు నెలలు వయొలిన్ ముట్టుకోకూడదు. తిరిగొస్తుందా అంటే, పిల్ల కదా, చూద్దాం అన్నాడు. ఆ రెండు వేళ్ళ మధ్య కాగితం పెట్టి పట్టుకోమన్నాడు. లాగితే ఊరికే వచ్చేసింది. వారానికోసారి ఇంట్లో ఇలా చేసి చూడమన్నాడు. పట్టు వస్తే నరం వస్తున్నట్టు లెక్క.

ఏప్రిల్లో కొలిచినప్పుడు ఇరవై మీద పావు ఉంది. నా చేయి అలవాటుగా మిగతాది కలిపేసిందని నీకు రాద్దామనుకున్నాను. అది అబద్ధం. తెలిసి కలిపాను. సెప్టెంబర్‌కి ఎలాగూ ఎదుగుతుంది, కొలత ముందే రాస్తే ఏం పోయింది అనుకున్నాను. ఊరందరి పిల్లలకీ ఇలాగే కుట్టాను, ఒక్కసారీ తప్పు కాలేదు.

పట్టీ రోజూ సాయంత్రం హోంవర్క్ చేసేటప్పుడు రెండు గంటలు బిగించేదాన్ని. ‘తిమ్మిరెక్కుతోందమ్మా’ అనేది. ‘ఓర్చుకో’ అనేదాన్ని. ఒకరోజు దానంతట అదే పట్టీ తెచ్చి చేయి చాపింది. ఎంత బుద్ధిమంతురాలో అని ముద్దు పెట్టుకున్నాను. నా చేతులు విరిచెయ్యాలి.

నువ్వు మాత్రం ఆ పట్టీ చూశావు. అదేమిటో నీకు తెలుసు. అన్నయ్యా, మళ్ళీ పెట్టెలో ఎందుకు పెట్టి పంపావు?


వయొలిన్ వర్క్‌షాపు, పై గది
అక్టోబర్ 5

చెల్లీ,

మూడు ఉత్తరాలు రాసి చింపాను. ఇది చింపను.

ఏప్రిల్లో నీ కార్డు చదివిన మరుక్షణం అది అబద్ధమని తెలిసింది. పదిహేడేళ్ళుగా పిల్లల చేతులు కొలుస్తున్నాను. మూడు నెలల్లో రెండంగుళాలు పెరిగిన చేయి ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు. బస్సెక్కి వచ్చి కొలవచ్చు. రాలేదు. వస్తే ఇరవై అని తేలుతుంది, తేలితే ఆ వయొలిన్ పంపకూడదు. ఎంపిక రోజున కూడా అందుకే రాలేదు. పిల్ల మెడ కింద దాన్ని చూస్తే పసిగట్టలేదని నటించడం నా వల్ల కాదు.

ఆ వారమే ఓనరుగారు దాన్ని షోకేసులో పెట్టి అమ్మేద్దామన్నారు. నా ప్రాణం గిలగిల్లాడింది. ఇక్కడ నా పని ఎవరికీ కనిపించదు. పిల్లలు తీసుకెళ్తారు, ఎదుగుతారు, తెచ్చి పడేసి ఇంకోటి తీసుకెళ్తారు. ఒక్కసారి, ఒక్క హాల్లో, నేను చేసింది మోగిందని ఎవరైనా చెబితే వినాలనుకున్నాను. నువ్వు ఆగస్టులో రాసిన ఆ మాట దాచుకోమన్నావు కదా. జేబులో పెట్టుకుని తిరిగాను. ఇంతకన్నా సిగ్గుచేటు ఉంటుందా?

ఇక పట్టీ సంగతి. దాన్ని చేతిలో పెట్టుకుని అరగంట కూర్చున్నాను. ఆ ముద్ద నా వేళ్ళ మధ్య పెట్టి నొక్కి చూశాను. రెండు నిమిషాలు ఓర్చుకోలేకపోయాను. పారేస్తే నువ్వు అడుగుతావు. అడిగితే కొలత గురించి మాట్లాడాలి. కొలత గురించి మాట్లాడితే నేనెందుకు పంపానో చెప్పాలి. అందుకే పెట్టి పంపాను. నువ్వు తల్లివి, పిల్ల బాగుండాలని ఆశపడ్డావు. నాకు ఆ మాట చెప్పుకునే మొహం కూడా లేదు.

ఓనరుగారికి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. కొలతల టేపు, కార్డుల కట్ట నా దగ్గర్నుంచి తీసుకుని కింద బల్ల మీద పెట్టుకున్నారు. ఇకనుంచి నాకు చెక్క రుద్దే పనొక్కటే. ఆ త్రీక్వార్టర్ వెంటనే వెనక్కి పంపెయ్, ఆయనకి అప్పగిస్తాను.

గువ్వ ముందు వాడిన హాఫ్ సైజు వయొలిన్ పక్కన పెట్టమని ఆయన్ని బతిమాలాను. మెడకి గువ్వ పేరుతో చీటీ కట్టాను. చేయి తిరిగొచ్చిన రోజు దాని సైజుది దాని కోసం ఉండాలి. వచ్చి దాని ముందు నిలబడి అంతా చెబుతాను. రమ్మంటావా?

అన్నయ్య


కుట్టు గది నుంచి
నవంబర్ 15

అన్నయ్యా,

రావద్దు. పెద్దవాళ్ళు వచ్చి ఎదురుగా నిలబడి ఏడిస్తే పిల్ల తట్టుకోలేదు. నేను ఒకసారి ఏడిస్తే అదే నన్ను ఊరడించింది, ‘నేను ఇంకొంచెం సాగదీయాల్సిందమ్మా’ అని.

దానికి పదేళ్ళు నిండాయి. పన్నెండు మందిలో ఎవరెవర్ని తీసుకున్నారో మాస్టారు చెప్పబోతే వద్దన్నాను. ఆయన ఇటువైపు రావడం కూడా తగ్గించారు.

ఆదివారం ఆదివారం కాగితం పెడుతున్నాను. కిటికీ దగ్గర కూర్చుని చేయి ముందుకి పెడుతుంది. రెండు వేళ్ళ మధ్య పెడతాను, పట్టుకోమంటాను, లాగుతాను. జారిపోతుంది. ‘సారీ అమ్మా’ అంటుంది. ఏడు వారాల్లో ఏడుసార్లు అంది.

పట్టీని కుట్టు కుట్టుగా విప్పేశాను. ఒక పూట పట్టింది. అంత గట్టిగా కుట్టానని విప్పేదాకా నాకు తెలియలేదు.

చెల్లి


వయొలిన్ వర్క్‌షాపు, పై గది
డిసెంబర్ 28

చెల్లీ,

కాగితం ఏమైనా ఆగుతోందా? ఒక్క ముక్క రాయి.

హాఫ్ సైజుది ఇక్కడే ఉంది. ఈ నెలలో ముగ్గురు అడిగారు, ముగ్గురికీ లేదనిపించాను. వారానికోసారి శ్రుతి చేసి పెడుతున్నాను. గువ్వ దాని గురించి ఒక్కసారైనా అడిగిందా? వాయించాలని ఉందని ఎప్పుడైనా అందా? నేనే తీసుకొస్తాను. గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోతాను, దాని కంట పడను.

అన్నయ్య


కుట్టు గది నుంచి
ఫిబ్రవరి 9

అన్నయ్యా,

నిదానంగా చదువు. ఈ ఉత్తరంలో ఒక్క ముక్క కూడా వదిలేయకు.

పోయిన బుధవారం గువ్వని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. చేతికి తీగలు అంటించి నరం ఎలా ఉందో మిషన్ మీద చూశారు. చూసిన డాక్టరు కుర్రవాడే, నవ్వుతూ బయటికొచ్చాడు. ‘నరం బాగైపోయిందమ్మా, నెల పైనే అయి ఉంటుంది’ అన్నాడు. రెండు చేతులూ ఎత్తి ఆయనకి దండం పెట్టాను. ఆయన గువ్వని పిలిచి వేళ్ళ మధ్య కాగితం పెట్టాడు. జారిపోయింది. ఇంకోసారి పెట్టాడు. జారిపోయింది. ఆయన మిషన్ వంక చూశాడు, దాని మొహం చూశాడు, నా మొహం చూశాడు. ‘కొంతమంది పిల్లలకి టైం పడుతుంది, తొందరపెట్టకండి’ అని చీటీ రాసిచ్చాడు. నాకు అప్పటికీ అర్థం కాలేదు. మిషన్ తప్పు చూపించిందేమో అనుకున్నాను.

నిన్న మధ్యాహ్నం లాడ్జీకి దుప్పట్లు ఇచ్చి రావడానికి బయల్దేరి, కళ్ళజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చాను. మెట్ల పక్క కిటికీ తెరిచి ఉంది. గువ్వ పక్కింటి చంటిదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని దారం ఆట ఆడుతోంది. వేళ్ళకి దారం చుట్టి నిచ్చెనలు, వలలు చేస్తారే, అది. నా పెట్టెలోంచి ఎర్ర దారం తీసుకుంది. రెండు చిటికెన వేళ్ళూ కిందికి దూర్చి, దారం మీటి పైకి లాగి, వేళ్ళన్నీ విప్పి పట్టుకుంది. ఎడమ చిటికెన వేలు కొక్కెంలా వంగి దారాన్ని బిగబట్టింది. చంటిది ఆ నిచ్చెన పట్టుకుని గట్టిగా గుంజింది. వేలు కదల్లేదు. గువ్వ పకపకా నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్ళైందో నాకు లెక్క తెలియదు.

అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ముందు సంతోషం వేసింది, చేయి వచ్చేసింది, దేవుడా, చేయి వచ్చేసింది అని. లేచి లోపలికి పరిగెత్తబోయాను. అప్పుడు తట్టింది. నెల పైనే అయిందన్నాడు డాక్టరు. అంటే ఈ నాలుగైదు ఆదివారాలూ అది నా ఎదురుగా కూర్చుని, చేయి చాపి, నా మొహంలోకి చూస్తూ, కాగితాన్ని కావాలని వదిలేసింది. వదిలేసి సారీ చెప్పింది.

అది మనకి భయపడి తన చేతిని దాచుకుంటోంది అన్నయ్యా. బాగైందని తెలిస్తే మళ్ళీ వయొలిన్ తెస్తామని. నొప్పని చెప్పినా వినలేదు, తిమ్మిరని చెప్పినా వినలేదు. దానికి ఇంకేం దారి ఉంది? మనిద్దరం కలిసి ఆ పిల్లకి నేర్పింది ఇదొక్కటే.

కావాలని మెట్ల మీద చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ వెళ్ళాను. తలుపు తీసేసరికి దారం లేదు. ఎడమచేయి ఒళ్ళో వాలిపోయి ఉంది. ‘ఏం చేస్తున్నావే?’ అంటే ‘ఏం లేదమ్మా, ఊరికే కూర్చున్నాం’ అంది. చంటిది నోరు తెరవబోతే దాని వంక చూసింది. నేను కళ్ళజోడు తీసుకుని మళ్ళీ బయటికి వచ్చేశాను.

హాఫ్ సైజుది అడిగినవాళ్ళకి ఇచ్చెయ్. చీటీ తీసెయ్. ఎవరో ఒక పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది, ఓనరుగారినే సరిగ్గా కొలవమను. ఇక మా ఇంటికి ఏ సైజుదీ పంపకు. గువ్వ దానంతట అది అడిగితే తప్ప ఆ మాట మన నోట రాకూడదు. అడగదు, నాకు తెలుసు.

నేను చూశానని దానికి చెప్పను. చెబితే సిగ్గుతో చచ్చిపోతుంది, లేదా ఇంకా లోతుగా దాచుకుంటుంది. నువ్వు కూడా ఎప్పుడైనా కలిస్తే చేయి ఎలా ఉందని అడగకు.

ఇవాళ ఆదివారం. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని తనే చేయి ముందుకి పెట్టింది. కాగితం పెట్టి లాగాను. జారిపోయింది. ‘సారీ అమ్మా’ అంది. ‘పర్లేదు తల్లీ’ అన్నాను. వచ్చే ఆదివారం కూడా పెడతాను. పెట్టడం మానేస్తే నాకు తెలిసిపోయిందని దానికి తెలిసిపోతుంది.

నీ చెల్లి